ఫోన్‌లో బొమ్మా బొరుసా? ముందు 'ఏ లెక్కను నమ్మాలి' అని అడగండి

2025 అక్టోబర్ 27న తెలంగాణలోని 2,620 మద్యం దుకాణాలకు జిల్లాల వారీగా లాటరీ తీశారు. ఒక్కో దరఖాస్తుకు రూ.3 లక్షలు. డ్రాలో నంబర్ రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. అయినా 95 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఫీజుల రూపంలోనే సర్కారుకు రూ.2,800 కోట్లకు పైగా జమైంది. లక్సెట్టిపేటలో షాపు పెట్టాలనుకున్నవాళ్లయినా మంచిర్యాల జిల్లా డ్రా కోసం చూడాల్సిందే.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మూడు లక్షలు పోగొట్టుకున్నవాళ్లు కూడా చాలావరకు ఫలితాన్ని ఒప్పుకుని ఇంటికి పోతారు. నంబర్లు వేసిన టోకెన్లను డబ్బాలో పోసి, కలిపి, అందరి ముందు తీస్తారు కాబట్టి. కళ్లతో చూసినదాన్ని కాదనడం కష్టం.

ఇప్పుడు అదే డ్రా మీ ఫోన్ స్క్రీన్ మీద జరుగుతుందనుకోండి. ఒక బటన్, తిరిగే ఒక చక్రం, చివర్లో 'అభినందనలు' అని ఒక పేరు. మొబైల్ కంపెనీల గివ్‌అవేలు, యూట్యూబర్ల లక్కీ డ్రాలు, యాప్‌లలో కాయిన్ టాస్, ఇళ్ల కేటాయింపుల ఆన్‌లైన్ డ్రాలు అన్నీ ఈ దారిలోనే ఉన్నాయి. కళ్ల సాక్ష్యం పోయింది, నమ్మకం మాత్రమే మిగిలింది. ఆ నమ్మకం ఎవరి మీద?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. దూరం నుంచి వేసే ఏ టాస్‌కైనా కింద ఏదో ఒక నమ్మకం ఉండి తీరుతుంది. అది లేని టాస్ ఇంతవరకు లేదు. కాబట్టి యాప్ తయారు చేసినవాళ్లయినా, డ్రా తీసే ఆఫీసైనా 'మాది పూర్తిగా రాండమ్, నమ్మండి' అంటే సరిపోదు. ఏ లెక్క కష్టమని నమ్మి ఈ టాస్ వేస్తున్నారో చెప్పాలి. దాన్ని మనం తిరిగి సరిచూసుకునేలా ఉండాలి. ఈ రెండూ అడగడం మనం నేర్చుకోవాలి.

అన్న లక్సెట్టిపేటలో, తమ్ముడు దుబాయ్‌లో

పంపకాల్లో చీట్లు వేయడం మన ఊళ్లల్లో అందరికీ తెలిసిందే. రెండు ముక్కల భూమి, ఇద్దరు అన్నదమ్ములు. పెద్దమనుషులు చీటీలు రాసి, మడిచి, ఇంట్లో ఓ చిన్న పిల్లతో ఒకటి తీయిస్తారు. రాసిన చెయ్యి వేరు, తీసిన చెయ్యి వేరు, చూసే కళ్లు ఇంకా వేరు. అందుకే గొడవ ఉండదు.

అన్న లక్సెట్టిపేటలో, తమ్ముడు దుబాయ్‌లో ఉంటే? పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయిన కుటుంబాలకు ఇది కొత్త పరిస్థితేం కాదు. రోడ్డు మీది పది గుంటలు ఎవరికి, గోదావరి వైపు పది గుంటలు ఎవరికి అన్నది ఫోన్‌లోనే తేలాలి. అన్న రూపాయి బిళ్ల ఎగరేసి 'బొరుసు పడ్డది, నువ్వు ఓడినవ్ తమ్మీ' అంటే తమ్ముడు ఎట్ల నమ్మాలె? తమ్ముడు ముందే 'బొమ్మ' అంటే అన్న బొరుసు పడిందనొచ్చు. అన్న ముందే ఫలితం చెప్పేస్తే తమ్ముడు దానికి తగ్గట్టే కోరుకుంటాడు. రెండోసారి నోరు తెరిచినవాడిదే గెలుపు. వీడియో కాల్ పెట్టుకుందామా అంటే, వీడియోను కూడా తయారు చేసే రోజులివి.

ఈ సమస్యకు 1981లో మాన్యుయెల్ బ్లమ్ ఒక పరిష్కారం రాశాడు. ఆయన పేపర్ పేరే 'ఫోన్‌లో నాణెం ఎగరేయడం' అని అర్థం వచ్చేది. అందులో కథ ఇంకా తమాషాగా ఉంటుంది: విడాకులు తీసుకుని వేర్వేరు ఊళ్లలో ఉన్న ఇద్దరు, కారు ఎవరికి అన్నది ఫోన్ మీద టాస్ వేసి తేల్చుకోవాలి. ఒకరి మీద ఒకరికి పైసా నమ్మకం లేదు. మధ్యవర్తీ లేడు. బ్లమ్‌కు 1995లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

సీల్డ్ కవర్, రెండు షరతులు

పరిష్కారం వెనక ఉన్న ఆలోచన మనకు తెలిసిన సీల్డ్ కవరే. అన్న 'బొమ్మ' లేదా 'బొరుసు' రాసి, కవర్‌లో పెట్టి, సీలు వేసి తమ్ముడికి ఇస్తాడు. తమ్ముడు తన మాట పైకి చెప్తాడు. తర్వాత కవర్ తెరుస్తారు. ఇద్దరిదీ ఒకటే అయితే తమ్ముడు గెలిచినట్టు, వేరైతే అన్న గెలిచినట్టు. దీన్ని క్రిప్టోగ్రఫీలో కమిట్‌మెంట్ అంటారు.

ఈ కవర్‌కు రెండు గుణాలు ఉండాలి. ఒకటి, తెరవకముందు లోపలున్నది తమ్ముడికి కనిపించకూడదు. రెండు, సీలు వేశాక అన్న దాన్ని మార్చలేకూడదు. కాగితం కవర్‌కు ఈ రెండూ ఉంటాయి. ఫోన్‌లో పంపే అంకెల కవర్‌కు మాత్రం ఈ రెండూ నూటికి నూరుపాళ్లు ఉండటం సాధ్యం కాదు. కారణం తేలిక. అన్న పంపిన అంకెలను 'బొమ్మ'గానూ 'బొరుసు'గానూ తెరిచే దారులు రెండూ ఉన్నాయనుకోండి. ఎంత లెక్కైనా చేయగల అన్న ఆ రెండో దారి వెతికి పట్టుకుంటాడు, మాట మారుస్తాడు. ఒక్క దారే ఉందనుకోండి. ఎంత లెక్కైనా చేయగల తమ్ముడు అన్నీ ప్రయత్నించి చూసి, లోపలున్నది ముందే చదివేస్తాడు.

అంటే ఇద్దరిలో ఒకరి చేతికైనా సంకెళ్లు పడాలి: 'ఈ లెక్క నీవల్ల కాదు' అన్న సంకెళ్లు. దాన్నే హార్డ్‌నెస్ అసంప్షన్ అంటారు. మామూలు మాటల్లో, ఫలానా లెక్క ఫోన్ పెట్టేసేలోపు ఎవరూ చేయలేరన్న నమ్మకం.

21తో ఆడి చూద్దాం

బ్లమ్ పెట్టుకున్న నమ్మకం ఇది: రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం సులువు, వచ్చిన జవాబును మళ్లీ విడగొట్టడం కష్టం. దానితో టాస్ ఎలా వేయొచ్చో, ఆయన పద్ధతికి దగ్గరి రూపంలో, చిన్న అంకెలతో చూద్దాం.

అన్న 3, 7 అనే రెండు ప్రధాన సంఖ్యలు తీసుకుని గుణించి, 21 మాత్రమే తమ్ముడికి పంపుతాడు. తమ్ముడు 10 లోపు ఒక సంఖ్య మనసులో అనుకుంటాడు, 5 అనుకోండి. 5ను 5తో గుణిస్తే 25, దాన్ని 21తో భాగిస్తే శేషం 4. 'నాకు 4 వచ్చింది' అంటాడు.

అన్న దగ్గర 3, 7 ఉన్నాయి కాబట్టి, వర్గం చేస్తే శేషం 4 వచ్చే సంఖ్యలు 10 లోపు రెండు ఉన్నాయని కనుక్కోగలడు: 2, 5. తమ్ముడు అనుకున్నది వాటిలో ఏదన్నది మాత్రం ఎంత లెక్క చేసినా తెలియదు. రెండూ ఒకే శేషాన్ని ఇస్తాయి కదా. కాబట్టి ఒకటి ఊహించాలి. 'నువ్వు అనుకున్నది 2' అంటాడు. తమ్ముడు 'కాదన్నా, 5' అని చూపిస్తాడు, గెలుస్తాడు. అన్న 5 అని ఉంటే అన్న గెలిచేవాడు. ఆట అయ్యాక అన్న 3, 7 బయటపెడతాడు, 21 సరిగ్గానే తయారైందని తమ్ముడు చూసుకుంటాడు.

మరి అన్న సరిగ్గా 5 అని చెప్పినప్పుడు తమ్ముడు 'కాదు, నేను అనుకున్నది 2' అని అబద్ధం ఆడలేడా? ఆడాలంటే ఆ 2 అనే సంఖ్య అతనికి తెలియాలి. 2, 5 రెండూ తెలిసినవాడు 21ని విడగొట్టినట్టే: 5లోంచి 2 తీసేస్తే 3, కలిపితే 7. అంటే ఇక్కడ మోసం చేయగలిగినవాడు 21ని విడగొట్టగలిగినవాడే. 21ని ఐదో తరగతి పిల్లలు కూడా విడగొడతారు. అదే 617 అంకెల సంఖ్య అయితే? ఇంతవరకు బహిరంగంగా విడగొట్టిన ఈ రకం సంఖ్యల్లో పేరున్నది 250 అంకెలది. 2020 ఫిబ్రవరిలో అది కూలిపోయింది. దానికి పట్టిన పని ఒక్క సీపీయూ కోర్ మీద చేస్తే 2,700 ఏళ్లు. 617 అంకెలకు ఇంకెవరూ దరిదాపుల్లోకి రాలేదు.

మోసం చేయడాన్నీ, ప్రపంచంలోని గణితవేత్తలు శతాబ్దాలుగా తలబాదుకుంటున్న లెక్కనూ ఒకే తాడుకు కట్టేశాడు బ్లమ్. 'అన్న మంచోడు' అన్న నమ్మకం స్థానంలో 'ఈ లెక్క ఎవరికీ రాదు' అన్న నమ్మకం వచ్చింది.

మీ ఫోన్ వాడేది హ్యాష్

ఈరోజు ఎవరైనా ఇలాంటి యాప్ రాస్తే బ్లమ్ పద్ధతి వాడరు, షా-256 లాంటి హ్యాష్ వాడతారు. మీ ఫోన్‌లో అది ఇప్పటికే వందచోట్ల పనిచేస్తోంది. ఏ మాటనైనా అందులో వేస్తే 64 అక్షరాల గజిబిజి బయటికొస్తుంది. దాన్నుంచి వెనక్కి పోయి అసలు మాట పట్టుకోవడం ఎవరికీ చేతకాదని మన నమ్మకం. వడ్లను అటుకులు చేయొచ్చు, అటుకులను మళ్లీ వడ్లు చేయలేం. అలాంటిదే.

ఇక్కడ కొత్తగా కోడింగ్ నేర్చుకున్నవాళ్లు పడే గుంత ఒకటుంది. 'బొమ్మ' అన్న మాటను ఒక్కదాన్నే హ్యాష్ చేసి పంపితే అది సీలు కాదు, గాజు కవర్. ఉన్నవి రెండే మాటలు. తమ్ముడు రెండింటి హ్యాష్‌లూ తనే వేసుకుని పోల్చుకుంటాడు, సెకను పట్టదు. అందుకే 'బొమ్మ' పక్కన ఎవరూ ఊహించలేని పొడవైన రాండమ్ అంకెలు కలిపి హ్యాష్ చేయాలి. తెరిచేటప్పుడు ఆ అంకెలు కూడా చెప్పాలి.

ఇక అన్న మాట మార్చకుండా ఉండాలంటే, 'బొమ్మ'తో మొదలయ్యే మాటకూ 'బొరుసు'తో మొదలయ్యే మాటకూ ఒకే హ్యాష్ వచ్చేలా చేయడం కష్టమై ఉండాలి. ఈ నమ్మకం గతంలో కూలింది కూడా. ఎండీ5 అనే హ్యాష్‌ను ఒకప్పుడు లోకమంతా వాడింది. 2004లో చైనా పరిశోధకురాలు వాంగ్ షియావోయున్ బృందం ఒకే హ్యాష్ వచ్చే రెండు వేర్వేరు సందేశాలు చూపించింది. 2007 నాటికి మనకు నచ్చిన రెండు వేర్వేరు మొదళ్లతోనే ఆ పని చేయొచ్చని తేలింది. సరిగ్గా అన్నకు కావాల్సింది అదే కదా! 2012లో బయటపడ్డ ఫ్లేమ్ అనే మాల్‌వేర్ ఇదే లోపంతో మైక్రోసాఫ్ట్ సంతకాన్ని నకిలీ చేసి, విండోస్ అప్‌డేట్ వేషంలో కంప్యూటర్లలోకి దూరింది. షా-1 కథ కూడా అంతే. 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ కలిసి ఒకే షా-1 హ్యాష్ ఉన్న రెండు పీడీఎఫ్‌లు బయటపెట్టాయి. 2020లో నచ్చిన మొదళ్లతో కూడా చేసి చూపించారు.

ఈరోజు ఎవరైనా ఎండీ5తో టాస్ యాప్ రాస్తే అన్న తన ల్యాప్‌టాప్‌లోనే రెండు నాలుకల కవర్ తయారు చేసుకోవచ్చు. యాప్ స్క్రీన్ మాత్రం ఎప్పటిలాగే అందంగా ఉంటుంది. అందుకే 'ఏ హ్యాష్?' అన్న ప్రశ్న సోకు కోసం అడిగేది కాదు.

ఎవరూ నిరూపించని మాట

సంఖ్యలు విడగొట్టడం కష్టమని గానీ, షా-256ను వెనక్కి తిప్పలేమని గానీ ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. ఒకవైపు సులువు, వెనక్కి కష్టం అనే 'ఒంటి దారి' లెక్క ఒక్కటైనా నిజంగా ఉందన్న రుజువు కూడా లేదు. పీ, ఎన్‌పీ ఒకటేనా కాదా అన్న ప్రసిద్ధ ప్రశ్నకు రేపు ఎవరైనా 'ఒకటే' అని నిరూపిస్తే, ఒంటి దారి లెక్కలన్నీ సూత్రప్రాయంగా మాయమైపోతాయి. వాటితోపాటు ఫోన్ టాస్ కూడా.

మరి ఇంతకన్నా చిన్న నమ్మకంతో టాస్ వేయలేమా? దీనికి జవాబు తెలుసు, అది చాలా అందమైనది. ఏదో ఒక ఒంటి దారి లెక్క ఉంటే చాలు, టాస్ వేయొచ్చు. దానికి దారి 1989లో మోనీ నావోర్ చూపించాడు. ఆయన పద్ధతికి మంచి రాండమ్ జనరేటర్ కావాలి. అలాంటి జనరేటర్‌ను ఏ ఒంటి దారి లెక్కతోనైనా కట్టొచ్చని మరికొందరు నిరూపించారు. తిరగేసి చూస్తే, మోసానికి గట్టి హద్దు పెట్టే ఫోన్ టాస్ ఉందంటే ఎక్కడో ఒక ఒంటి దారి లెక్క ఉన్నట్టే. 1989లో ఇంపగ్లియాజో, లూబీ మొదలుపెట్టిన ఈ వాదనను 2014 నాటికి బెర్మన్, హైట్నర్, టెంటెస్ ఏ స్థిరమైన హద్దుకైనా వర్తించేలా పూర్తి చేశారు. అంటే ఆ ఒక్క నమ్మకం సరిపోతుంది, దాన్ని తప్పించుకోవడమూ కుదరదు.

నా దృష్టిలో ఇది ఫోన్ మార్కెట్‌కు కూడా పనికొచ్చే పాఠం. నమ్మకం తప్పనప్పుడు అతి చిన్నదాన్నే ఎంచుకోవాలి. ఫలానా సంఖ్యను విడగొట్టలేమన్నది పెద్ద, ప్రత్యేకమైన నమ్మకం. ఎక్కడో ఒక చోట ఒంటి దారి ఉందన్నది చాలా చిన్నది. మంచి హ్యాష్ ఈ రెండింటి మధ్యలో, చిన్నదానికి దగ్గరగా ఉంటుంది. టాస్ యాప్ రాసేవాళ్లు హ్యాష్ దారే పట్టడం మేలని నేననేది అందుకే.

క్వాంటమ్ వస్తే?

కామెంట్లలో ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. అమరావతి క్వాంటమ్ వ్యాలీలో 156 క్యూబిట్ల ఐబీఎం యంత్రం పెడతామని 2025లో ప్రకటించారు కదా, అది వస్తే ఈ తాళాలన్నీ ఊడిపోతాయా? పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ ఉంటే సంఖ్యలను వేగంగా విడగొట్టొచ్చని పీటర్ షోర్ 1994లోనే చూపించాడు. కానీ 617 అంకెల సంఖ్యకు ఎంత పెద్దది కావాలి? గూగుల్‌కు చెందిన క్రెగ్ గిడ్నీ 2019లో సహరచయితతో కలిసి రెండు కోట్ల క్యూబిట్లని లెక్క కట్టాడు. 2025లో దాన్ని పది లక్షల లోపుకు దించాడు. 156కూ పది లక్షలకూ చాలా దూరం. అయితే ఆరేళ్లలో అంచనా ఇరవయ్యో వంతుకు పడిపోయిందన్నది కూడా మర్చిపోవద్దు. హ్యాష్‌ల మీద క్వాంటమ్ దెబ్బ చాలా తక్కువ.

టాస్‌కు ఇక్కడ ఒక పెద్ద వెసులుబాటు ఉంది. ఈరోజు మీరు పంపిన రహస్య మెసేజ్‌ను ఎవరైనా దాచిపెట్టుకుని పదిహేనేళ్ల తర్వాత విప్పితే మీకు నష్టమే. టాస్ అలా కాదు. అన్న కవర్ తెరిచేశాడు, తమ్ముడు సరిచూసుకున్నాడు, భూమి రాసుకున్నారు. ఆ తర్వాత ఆ లెక్క కూలిపోయినా పాత టాస్ చెడిపోదు. ఫోన్ పెట్టేసేదాకా ఆ లెక్క కష్టంగా ఉంటే చాలు. అందుకే ఫోన్ టాస్ మీద క్వాంటమ్ భయం పెట్టి ఎవరైనా ఖరీదైన యాప్ అమ్మబోతే కొనకండి.

క్వాంటమ్ కవర్లు వాడి అసలు నమ్మకమే లేకుండా టాస్ వేయలేమా? మాట మార్చలేని, ముందే తొంగి చూడలేని క్వాంటమ్ కవర్ కూడా అసాధ్యమని 1997 నాటికే తేలింది. గెలుపోటముల పట్టింపు లేకుండా పూర్తి నిష్పాక్షికమైన బిట్ కావాలంటే, ఎంత తెలివైన క్వాంటమ్ పద్ధతిలోనైనా ఒకరు తమకు కావాల్సిన ఫలితాన్ని కనీసం 70.7 శాతం సార్లు రప్పించుకోగలరని కితేవ్ నిరూపించాడు.

'సిగ్నల్ పోయిందన్నా!'

ఇప్పుడు లెక్కలన్నీ గట్టిగా ఉన్నాయనుకుందాం. అయినా ఒక కన్నం మిగిలే ఉంటుంది. తమ్ముడు తన మాట చెప్పగానే ఫలితం ముందు తెలిసేది అన్నకే, కవర్‌లో ఏముందో అతనికి తెలుసు కదా. ఓడిపోయానని తెలిసి ఫోన్ కట్ చేసేస్తే? తర్వాత తీరిగ్గా 'సిగ్నల్ పోయింది తమ్మీ, మళ్లీ వేద్దాం' అంటే?

ఏ హార్డ్‌నెస్ అసంప్షన్ కూడా ఈ కన్నాన్ని పూర్తిగా మూయలేదు. 1986లో రిచర్డ్ క్లీవ్ దీన్ని గణితంగా నిరూపించాడు. ఇద్దరి టాస్‌ను ఎన్ని రౌండ్లుగా సాగదీసినా, మధ్యలో జారుకునేవాడు ఫలితాన్ని కొంతైనా తనవైపు వంచగలడు. పది రౌండ్లయితే ఆ వంపు దాదాపు పదో వంతు స్థాయిలో, వంద రౌండ్లయితే వందో వంతు స్థాయిలో ఉంటుంది తప్ప సున్నా కాదు.

అన్నదమ్ముల టాస్‌లో దీనికి మందు సులువే: 'మధ్యలో కట్ చేసినవాడు ఓడినట్టే' అని ముందే ఒప్పుకోవడం. ఒకరి గెలుపు ఇంకొకరి ఓటమి అయినచోట ఈ నియమం చాలు. కానీ వేలమంది ఉండే డ్రాలో, చివరి కవర్ తెరవాల్సిన ఆఫీసు తెరవకపోతే 'ఓడినట్టు' అంటే అర్థమేంటి? అక్కడ నియమం కాగితం మీద ముందే రాసి ఉండాలి: ఫలానా సమయానికి తెరవకపోతే డ్రా రద్దు, బాధ్యులు ఫలానా వాళ్లు అని.

ఇంకో కన్నం మీ ఫోన్ లోపలే ఉంటుంది. రాండమ్ అంకెలు నిజంగా ఊహకందనివై ఉండాలి. 2013 ఆగస్టులో ఆండ్రాయిడ్ రాండమ్ జనరేటర్‌లో లోపం బయటపడింది, దాని వల్ల కొందరి బిట్‌కాయిన్ వాలెట్లు ఖాళీ అయ్యాయి. గణితం గట్టిదే, దానికి పెట్టిన మేత చెడ్డది. హార్డ్‌నెస్ గురించి మాట్లాడేవాళ్లు ఈ సంగతి చెప్పకుండా దాటేస్తే సగమే చెప్పినట్టు.

పెద్ద డ్రాలకు ఏం అడగాలి

2023లో హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూం ఇళ్ల లబ్ధిదారులను ఎన్‌ఐసీ రూపొందించిన సాఫ్ట్‌వేర్‌తో ఆన్‌లైన్ డ్రా తీసి ఎంపిక చేశారు. వేలమంది దరఖాస్తుదారులను చీటీలతో ఎంపిక చేయడం ఎంత కష్టమో తెలుసు కాబట్టి కంప్యూటర్ వైపు పోవడం సహజమే. అందులో మోసం జరిగిందని నేను అనడం లేదు. నేననేది ఏ ఆన్‌లైన్ డ్రాకైనా వర్తిస్తుంది: బటన్ నొక్కగానే తెర మీద పేర్లు వస్తే, చూసేవాళ్లకు కనిపించేది ఫలితం మాత్రమే. టోకెన్ల డబ్బా ముందు నిలబడ్డప్పుడు ఉన్న ధీమా స్క్రీన్ ముందు రావాలంటే ఇంకొంత కావాలి. దానికి పెద్ద ఖర్చు కూడా లేదు.

మొదట, దరఖాస్తుల జాబితాను స్తంభింపజేసి దాని హ్యాష్‌ను డ్రాకు ముందురోజే నోటీసు బోర్డులో, పేపర్లో వేయాలి. తర్వాత పేర్లు చేర్చినా తీసేసినా హ్యాష్ మారిపోతుంది. రెండోది, ఆఫీసు తన రహస్య రాండమ్ సంఖ్యను సీలు వేసి, ఆ సీలు హ్యాష్‌ను కూడా ముందే ప్రకటించాలి. మూడోది, డ్రా రోజు అందరి ముందు టోకెన్లతో కొన్ని అంకెలు తీసి, ఆ రహస్య సంఖ్యతో కలపాలి. డబ్బా అక్కడ మళ్లీ పనికొస్తుంది! చివరగా సీలు తెరిచి, ప్రోగ్రాంను బహిరంగంగా పెట్టాలి. లక్సెట్టిపేటలో బీటెక్ చదివే ఏ పిల్లోడైనా తన ల్యాప్‌టాప్‌లో దాన్ని మళ్లీ నడిపి అవే పేర్లు వస్తున్నాయో లేదో చూసుకోగలగాలి.

పనిలో పనిగా కింద ఒక లైన్ రాయాలి: 'ఈ డ్రా షా-256 మీద నమ్మకంతో నడుస్తోంది' అని. నాకు ఈ లైన్ చాలా ముఖ్యం. 2019 నుంచి డీరాండ్ అనే ప్రజా రాండమ్ సేవ ఒకటి నడుస్తోంది, చాలా సంస్థలు కలిసి నడుపుతాయి. మంచిదే. కానీ దాని నమ్మకం వేరు: ఎలిప్టిక్ కర్వ్ లెక్కలు కష్టమనీ, నడిపేవాళ్లలో ఎక్కువమంది కుమ్మక్కు కారనీ. రెండూ రాండమే, కింద ఉన్న పునాదులు మాత్రం వేరు. పేరు చెప్తేనే పోల్చుకోగలం.

గివ్‌అవేలకూ ఇదే మాట. మనం ఫోన్ రివ్యూల్లో నిట్స్ కొలుస్తాం, ఎంఏహెచ్ చూస్తాం, బెంచ్‌మార్క్ స్కోర్ మీద గంటలు కొట్టుకుంటాం. 'వెయ్యి మందిలో విజేతను ఎలా ఎంచుకున్నారు?' అని మాత్రం అడగం. గివ్‌అవే పెట్టేవాళ్లు పైన చెప్పినవాటిలో మొదటి రెండు పనులైనా చేయాలి, పది నిమిషాలు పట్టదు. ఒక హెచ్చరిక కూడా: 'ప్రూవబ్లీ ఫెయిర్' అని రాసుకున్న బెట్టింగ్ సైట్లు చూసి మోసపోవద్దు. టాస్ నిజాయితీగా పడినా బెట్టు లెక్క మీకు నష్టమొచ్చేలానే ఉంటుంది. పైగా తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లు 2017 నుంచే నిషేధం, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది.

'ఇదంతా అవసరమా?'

ఒకే గదిలో ఉంటే అవసరం లేదు, రూపాయి బిళ్ల చాలు. ఇంకో అభ్యంతరం బలమైనది: నిరూపణ లేని లెక్కను నమ్మడం కంటే, తెలిసిన ఆఫీసర్‌ను నమ్మడం మేలు కదా? నిరూపణ రెండింటికీ లేదు, ఒప్పుకుంటా. తేడా పరీక్షలో ఉంది. షా-256 విరిగిందని చూపించడానికి ప్రపంచంలో ఎవరికైనా హక్కుంది, విరగ్గొడితే పేరొస్తుంది, అందుకే వేలమంది ప్రయత్నిస్తున్నారు. ఎండీ5 కూలినప్పుడు అందరికీ తెలిసింది, జనం వేరేదానికి మారారు. మూసిన గదిలోని మనిషి మీద నమ్మకం కూలితే మనకు తెలియను కూడా తెలియదు. నా ఓటు బహిరంగంగా దెబ్బలు తినే నమ్మకానికే.

ఈ రాత్రే మీ ఫ్రెండ్‌తో ఆడి చూడండి. 'బొమ్మ' గానీ 'బొరుసు' గానీ రాసి, పక్కన ముప్పై నలభై గజిబిజి అక్షరాలు కలిపి, షా-256 హ్యాష్ వేసి వాట్సాప్‌లో పంపండి. వాడి మాట వచ్చాక అసలు మెసేజ్ పంపండి, వాడే హ్యాష్ వేసి సరిచూసుకుంటాడు. ఆన్‌లైన్ సైట్లలో కాకుండా ఎవరి ఫోన్‌లో వాళ్లు హ్యాష్ వేసుకోవడం మంచిది. ఇంకొకటి, కట్ చేసినవాడు ఓడినట్టే అని ముందే ఒప్పందం చేసుకోండి. రేపు ఎక్కడైనా ఆన్‌లైన్ డ్రాలో మీ పేరు ఉంటే, ఇదే పద్ధతి చూపించమని వాళ్లనూ అడగండి.